వడగట్టని చప్పుడు

పిల్లలకు చెవులు కుట్టించిన రోజే ఇయర్‌బడ్స్ కూడా పెట్టించేస్తున్న కాలమది. మనుషుల మాటలు తప్ప మరే చప్పుడూ వాటిని దాటి లోపలికి రాదు. కుక్కల అరుపులూ బండ్ల రొదా పోయాయని జనం సుఖపడ్డారు. నిద్రలో కూడా తీసేవాళ్ళు లేరు.

బొబ్బిలిలో దాలినాయుడికి పాడైన ఇయర్‌బడ్స్ విప్పి బాగుచేయడం సరదా. ఇంట్లో ఉన్నంతసేపూ బల్ల మీదికి వంగి అదే పని. ఆ ఆదివారం పాత ముక్కలన్నీ అతికించి సొంతంగా ఒక జత తయారుచేశాడు. చప్పుళ్ళను వడగట్టే చిప్ మాత్రం దొరకలేదు. ఎలా పనిచేస్తాయో చూద్దామని అలాగే చెవుల్లో పెట్టుకున్నాడు.

వంటింట్లో పోపు చిటపటలాడింది. బుద్ధెరిగాక ఆ చప్పుడు వినడం అదే మొదలు. మురిసిపోయాడు.

ఆ వెనకే దగ్గు వినబడింది. గుండెలు చీరుకుపోతున్నట్టు, తెరిపి లేకుండా.

వెళ్ళి చూస్తే భార్య పైడితల్లి పొయ్యిగట్టు పట్టుకుని వంగిపోయి ఉంది.

"ఎప్పట్నుంచే ఈ దగ్గు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుని అతనివైపు వింతగా చూసింది.

"ఏడాదైంది బావా. నా దగ్గు నాకు లోపల్నుంచి వినబడతంది గదా, నీకూ వినబడతందనే అనుకున్నాను. అడుగుతావని చూసి చూసి, నీకక్కర్లేదు కాబోలని ఊరుకున్నాను."