పది నిమిషాల డెమో పాఠం

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఉద్యోగానికి పది నిమిషాల డెమో పాఠం. కమిటీ విశాఖలో, వీడియో కాల్‌లో ఉంది. నేను అరకులో, నేను గెస్ట్ లెక్చరర్‌గా చెప్పే క్లాసు పిల్లలతో కాఫీ పళ్లు ఆరబోసే కళ్లంలో ఉన్నాను. సిగ్నల్ అక్కడే వస్తుంది. నలభై మూడేళ్లొచ్చినా, నాకు పాఠం చెప్పడం వచ్చా అన్న అనుమానం పోలేదు.

నన్ను చూపిస్తూ ఉండమని ఫోను ఆ పిల్లల్లో సోని చేతికిచ్చి, చిన్న బకెట్ నీళ్లలో పళ్లు పోశాను. కొన్ని తేలాయి.

"అవి తాలుకాయలు మేడం. మా అమ్మ ఏరి పారేత్తాది," అంది సోని.

"సరే, ఎందుకు తేలాయి?"

అంతే, కళ్లమంతా గోల. ఒకరు కాయ కొరికి చూశారు. ఒకరు నేను తెచ్చిన ఉప్పు ప్యాకెట్టంతా నీళ్లలో కుమ్మరించారు. మునిగిన పళ్లూ పైకొస్తుంటే అందరం కేకలు. సాంద్రత సంగతి నేను చెప్పకముందే వాళ్లే చెప్పేశారు.

టైము చూస్తే నలభై నిమిషాలు. గాభరాగా ఫోను లాక్కున్నాను. కాల్ మూడో నిమిషంలోనే కట్టయిపోయి ఉంది. కింద కమిటీ మెసేజ్: "మీరు కనబడడం లేదు. రేపు పదింటికి మళ్లీ చెప్పండి."

"ఫోను నీ చేతిలోనే ఉంది కదా సోనీ, చెప్పొద్దా?"

"సెప్తే మీరు పాఠం ఆపేత్తారు గదా మేడం."