బొరుగుల బట్టీలో బ్యాంకు

చింతామణిలోని ఆ బొరుగుల బట్టీ ముందు లేబర్ ఆఫీసర్ జీపు ఆగిందో లేదో, ఆదెప్ప ఎదురు పరుగెత్తాడు. లుంగీ నిండా బూడిద, మొహం నిండా మసి. ఫిర్యాదు పంపింది తనే మరి.

“వస్తిరా సార్! నా దుడ్డు నాకిప్పియ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా.”

ఆఫీసర్ లోకేశ్ ఉద్యోగంలో కొత్త. చట్టాలన్నీ నోటికొచ్చు. ఇంకా ఎక్కడా ప్రయోగించి చూడలేదు, అంతే.

“కాళ్ళు వదులప్పా ముందు. సంగతి చెప్పు.”

ఆదెప్ప చెప్పుకున్నాడు. బట్టీలో ఒక ఇనప్పెట్టె ఉంది. దానికి బ్యాంకు అని పేరు. ప్రతి శనివారం తన దుడ్డు పోయి అందులో పడుతుంది. తాళంచెవి మునిరత్నమ్మ కొంగున ఉంటుంది. వేసేటప్పుడు తననెవరూ అడగరు. తీయమని తనడిగితే ఎవరూ తీయరు. టీ తాగాలన్నా చెయ్యి చాచాలి. ఛీ, ఇదీ ఒక బతుకేనా? చెబుతుంటే నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఈడ ఎన్నాళ్ళ నుంచి ఉండావు?”

“మా నాయన కాలం నుంచి సార్. ఆయన ఈ పొయ్యి ముందరే ముసలోడై పోయినాడు. నా గతీ ఇదే.”

“రెండు తరాలా!” లోకేశ్ రక్తం సలసలా మరిగింది. “బోనస్ ఇస్తారా?”

“నాకెవురిస్తారు సార్? బోనస్ మొగమే చూడలేదు.”

ఆదెప్ప ఒక్క అబద్ధమూ ఆడలేదు. అమ్మతోడు.

లోకేశ్ బట్టీ లోపలికి నడిచాడు. మునిరత్నమ్మకు కబురెళ్ళింది. బొరుగులు చెరుగుతున్న ఆడవాళ్ళకు ఏదో పురమాయించి, తాళంచెవులు గలగలమనిపిస్తూ నింపాదిగా వచ్చింది. ఆ నడక చూడగానే లోకేశ్‌కు ఒళ్ళు మండింది.

“పెట్టెలో ఉండే దుడ్డు ఎవురిదమ్మా?”

“ఆదెప్పన్నదే సార్. కాదని ఎవురన్నారు?”

“మరి ఇచ్చేకి ఏం కష్టం?”

“చేతికిస్తే బాగేపల్లికి పోయి పేకాటలో పెట్టేస్తాడు సార్. పోయిన నెల అదే చేసినాడు. అందుకని...”

“ఓనర్లందరూ ఇదే పాట పాడతారు!” లోకేశ్ చెయ్యి అడ్డం పెట్టాడు. “పనిచ్చేవాళ్ళు పనోళ్ళ పొదుపును ఇట్ల పెట్టెలో బిగించేకి కానూను ఒప్పదు. వేరే ఖాతాలో ఉండాల. అడిగిన దినం ఇయ్యాల.”

“అది కాదు సార్, ఈయన...”

“నడుమ మాట్లాడద్దమ్మా! ఆయన దుడ్డుతో ఆయన పేకాడతాడో, మైసూర్‌పాకు కొనుక్కుంటాడో, మీకేల?”

“అట్ల అడగండి సార్!” ఆదెప్పకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క మాట అనేవాడు ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఒక్కడు దొరకలేదు.

“పెట్టె తీస్తారా, పోలీసుల్ని పిలవాలనా?”

మునిరత్నమ్మ ఆదెప్ప వైపు చూసింది. ఆదెప్ప పైకప్పు వైపు చూశాడు. ఆమె నిట్టూర్చి పెట్టె తెరిచింది.

తన దుడ్డు! ఆదెప్ప నోట్ల కట్ట కళ్ళకద్దుకుని లుంగీ మడతలో దోపుకున్నాడు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

“బాగేపల్లి బస్సు ఇప్పుడే ఉండాది సార్.”

“నేనే ఎక్కిస్తా, రా. నడిచి పోతే వీళ్ళు దారిలో పెరుక్కుంటారు.” లోకేశ్ అతణ్ణి జీపు ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరాక అతనికి ఇంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

జీపు కదులుతుంటే, చేటలు కింద పెట్టి లేచిన ఆడవాళ్ళతో మునిరత్నమ్మ అంటున్న మాట ఆదెప్ప చెవిన పడింది: “పదండమ్మా ఇండ్లకు పోదాం, ఓనరప్ప దుడ్డెత్తుకొని పేకాటకు పోతాండాడు, ఈ నెల గూడా మనకు కూలి లేదు.”