తొమ్మిది గళ్ళు

"ఆ డబ్బా పక్కన పెట్టమ్మాయ్."

ఆమె తలెత్తి చూసింది. షెడ్డు గుమ్మంలో ఎవరో పెద్దాయన. చంకలో గొడుగు, రెండు చేతులూ జేబుల్లో.

"ఎందుకో?"

"అది ముతక పాలిష్ కాంపౌండ్. నల్ల కారు మీద దానితో మొదలుపెడితే గీతలతోపాటు రంగూ పోతుంది. ముందు సన్నరకంతో ఓ జానెడు చోట రుద్ది చూడు. చాలకపోతే అప్పుడు ముతకది తియ్యి."

ఆమెకు ఒళ్ళు మండింది. అసలే ఊపిరి సలపకుండా ఉంటే మధ్యలో ఈయనొకడు.

ట్రావెల్స్ ఓనరుకు పదకొండు కార్లున్నాయి. అన్నీ ఒకే కంపెనీవి, అన్నీ నల్లవే. ముప్పై ఏళ్ళుగా ఆయన కార్లకు పాలిష్ పెట్టేది ఒక్కడే. అందరూ పాతాయన అంటారు. ఆమె ఎన్నడూ చూడలేదు, వినడమే. ఈసారి ఓనరు పోటీ పెట్టాడు. సాలెగూడులా గీతలు పడ్డ కార్లు రెండు తీసి ఒకటి పాతాయనకూ ఒకటి ఆమెకూ అప్పజెప్పాడు. వారం గడువు. ఎవరి కారు బాగుంటే పదకొండూ వాళ్ళవే.

"ఈ పని వస్తే సరేసరి. లేదంటే నాన్న షెడ్డు టైర్ల కొట్టుకి ఇచ్చేస్తా. తర్వాత ఏడ్చి లాభం లేదు," అని అన్నయ్య తెగేసి చెప్పాడు.

"జానెడు చోట తేడా వచ్చినా నా కొంప మునుగుతుంది బాబాయ్. పరీక్షలు చేసుకోడానికి నా దగ్గర ఇంకో బానెట్ లేదు. మీ దారిన మీరు వెళ్ళండి," అందామె పెద్దాయనతో.

పెద్దాయన నొచ్చుకోలేదు. "అదీ నిజమే," అని వెళ్ళిపోయాడు.

ఆమె డబ్బా మూత తీసింది. ఎందుకో మనసొప్పలేదు. మళ్ళీ బిగించేసి, ఆ పూటకి కారు కడిగి ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు ఓ పాత కారు ఆగింది. అదే కంపెనీ, అదే నలుపు. ఒళ్ళంతా మట్టి. బానెట్ ఒక్కటే కడిగి ఉంది, దాని నిండా గీతలే.

"బానెట్ లేదన్నావుగా, తెచ్చా," అంటూ దిగాడు పెద్దాయన.

ఆమెకు నవ్వాగలేదు. "దీన్ని దేనితో కడిగారు బాబాయ్, గిన్నెలు తోమే పీచుతోనా?"

"ఆఁ, దానితోనే."

బానెట్ మీద టేపు అంటించి తొమ్మిది గళ్ళు చేయించాడు. మూడు రకాల కాంపౌండ్లు, పాలిష్ మిషన్‌కి తగిలించే ప్యాడ్లు మూడు రకాలు. ఏ గడికి ఏది వాడిందో టేపు మీద రాయించాడు. మిషన్ మాత్రం తను ముట్టుకోలేదు.

"ఓసారి మీరే చేసి చూపించొచ్చుగా?"

ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు. రెండూ వణుకుతున్నాయి.

"చేతులే ఆగట్లేదు, నాకు పాఠాలా!" నోరు జారాక నాలుక కరుచుకుంది.

"అందుకే నీ చేతులు చూస్తున్నా," అన్నాడాయన తాపీగా.

మొదటి గడిలో మొండిగా ముతకదే పట్టించింది, ఉన్ని ప్యాడ్‌తో. నిమిషం గడవలేదు. నలుపు కరిగిపోయి అడుగున బూడిదరంగు తేలింది.

ఆమె చటుక్కున మిషన్ ఆపేసింది. నిన్న మూత బిగించకపోతే పోటీ కారుకి పట్టే గతి అదే.

"అయ్యో బాబాయ్, మీ కారు!"

"పోతే పోయింది. ఇక్కడ పోయింది కాబట్టి అక్కడ పోదు. రెండో గడి చూడు."

ఇక ఆమె పట్టు పట్టింది. మూడు రోజులు ఆ బానెట్‌ని వదల్లేదు. గీతలు పోయాయని ఆమె మురిసిపోతే ఆయన స్పిరిట్ గుడ్డ అందించేవాడు. "తుడిచి చూడు. కాంపౌండ్‌లోని నూనె గీతల్ని దాచేస్తుంది." తుడిస్తే గీతలు మళ్ళీ కనిపించేవి. "ఎండలోకి తోసి చూడు." తోస్తే ఇంకా కనిపించేవి.

ఎనిమిదో గడి తుడిచినా మారలేదు, ఎండలోనూ మారలేదు. సన్న కాంపౌండ్, కాస్త గట్టి ఫోమ్ ప్యాడ్. అంతే!

"ఇంక చూడండి బాబాయ్, ఆ పాతాయన్ని ఓడించి తీరతా! ఈపాటికి ముతకది పట్టించి రంగంతా ఊడగొట్టేసి ఉంటాడు."

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. "ఓడించాల్సిందే," అన్నాడు.

ఆ సాయంత్రం కారు తీసుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పనిలో పడి ఆమె కూడా పట్టించుకోలేదు. మిగిలిన రెండు రోజులూ నడుం వాల్చకుండా రుద్దింది.

గడువు రోజు తన ట్రావెల్స్ ఆవరణలో ఓనరు టార్చిలైటు పట్టుకుని ఆమె కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక్క గీత దొరకలేదు.

"పదకొండూ నీవేనమ్మా."

షెడ్డు నిలబడింది. ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా పంతం చల్లారలేదు.

"పాతాయన కారేదండీ?"

ఓనరు చూపించాడు. సాలెగూళ్ళు అలాగే ఉన్నాయి. దాన్నెవరూ తాకనే లేదు.

"చేతులు సాగడం లేదట. పొద్దున్నే బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇక రానన్నాడు."

అవతల ఆటగాడే లేని ఆట గెలిచినట్టు ఆమెకు చప్పగా అనిపించింది.

"పాపం, చివర్లో మతి కూడా తప్పిందేమో," అన్నాడు ఓనరు, మూలన కవరు కప్పి ఉన్న కారు వైపు నడుస్తూ. "నా దగ్గర కొనుక్కున్న పాత కారు, ప్రాణంలా చూసుకునేవాడు. పోటీ మొదలైన రోజు సాయంత్రం ఇక్కడే కూర్చుని, గిన్నెలు తోమే పీచుతో దాని బానెట్ బరబరా రుద్దేశాడు. పోతూ పోతూ దాన్ని నీకిమ్మన్నాడు, షెడ్డులో పనికొస్తుందట."

ఆయన కవరు లాగాడు.

మట్టి కడిగేసిన ఆ నల్ల కారు ఒళ్ళంతా గీతన్నది లేకుండా అద్దంలా ఉంది, బానెట్ మీద మాత్రం ఆమె చేత్తో రాసిన టేపుల మధ్య తొమ్మిది గళ్ళున్నాయి.