గురువారం నూనె

మా కొట్టంలో తొమ్మిదేళ్లుగా కదలని మాస్క్విచ్ కారు ఇంజను తుప్పుకి బిగుసుకుపోయింది. మూడు నెలలు కిరసనాయిలు పోసి నానబెట్టి, ఊడదీసి, మళ్లీ బిగించాను. చేతుల్లో సత్తువ అయిపోయింది.

"ముసలాయనా, ఇవాళ అది కూయకపోతే రేపు పాత ఇనుము కింద అమ్మేస్తా" అంది మా ఆవిడ కాలీపా, వంటింట్లో నూనె కాగబెడుతూ.

"నన్నూ కలిపి తూకం వేయించు. నాలుగు రాళ్లొస్తాయి."

"నిన్ను పట్టుకుపొమ్మంటే ఆ ఇనుము కొనేవాడికే ఎదురివ్వాలి!"

గురువారం కాగే నూనె వాసన పోయినవాళ్లకు అందుతుందని మా నమ్మకం. తొమ్మిదేళ్లుగా ఏ గురువారమూ మానకుండా కాలీపా బోర్సోకులు, అవే పిండి ముక్కలు, నూనెలో వేయిస్తోంది.

నేను ఇంజను హ్యాండిల్ తిప్పాను. దగ్గి ఊరుకుంది. కూలబడి, ఊపిరి తీసుకుని, మళ్లీ తిప్పాను. ఏడోసారి అంటుకుంది. కొత్త పిస్టన్ రింగులు దొరక్క పాతవే వేశాను కదా, లోపల నూనె మండి నీలం పొగ వాకిలంతా కమ్మేసింది.

కాలీపా గరిటెతో ఉరికొచ్చింది. "ఆపు! ఆరేసిన బట్టలన్నీ..." అంటూ సగంలో ఆగిపోయింది. పొగలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. గబగబా లోపలికెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది.

"ఏమే, బోర్సోకులు?"

"ఇవాళ వద్దు. వాడు బతికుండగా ఎప్పుడు తిన్నాడు కనక! ఈ కారు కిందే పడుండేవాడు. నా కొడుకు చొక్కా ఎప్పుడూ ఈ కంపే కొట్టేది."

నేను ఇంజను ఆపబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ ముసలాయనా. ఇంకాస్త పొగ వాడిదాకా పోనీ."