గోడ కాడ ఇంకొకామె

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని లైబ్రేరియన్ గోవర్ధన్ సారు మైకులో అడిగీ అడగకముందే వెనక వరుసలోంచి ఒక చెయ్యి లేచింది.

నడుం వంగిపోయిన మనిషి. ముఖం చూస్తే యాభై కూడా నిండినట్టు లేవు, నడుం చూస్తే డెబ్బై దాటినట్టుంది. బొమ్మల పుస్తకాన్ని గుండెకు అదుముకుని నిలబడింది.

గీతకు నవ్వొచ్చింది. తన కామిక్కుకు ఇలాంటి పాఠకురాలు కూడా ఉందన్నమాట!

ఆ సాయంత్రం సిరిసిల్ల గ్రంథాలయంలో గీతదే రాజ్యం. ఆమె గీసిన 'సాంచెల సివంగి' అంటే ఊళ్ళో పిల్లలు పడిచస్తారు. సాంచె అంటే మరమగ్గం; దాని నూలుతో దొంగలను చుట్టి పడేసే సూపర్‌హీరో పిల్ల కథ అది. ఆ పిల్లకంటే ముందు ఆమె తల్లి కథేమిటో చెబుతూ ఇప్పుడు 'సివంగి తల్లి' వచ్చింది. దాని మీద పాఠకుల అభిప్రాయాలు వినడానికే ఈ సభ.

కథ గాల్లోంచి పుట్టింది కాదు, గీత వాళ్ళమ్మ సుశీలదే. సాంచెలు బందయి ఇల్లు గడవని రోజుల్లో సుశీల మస్కట్‌కు ఇంటిపనికి పోయింది. జీతం లేదు, బయటికి పోనివ్వలేదు. ఒక శుక్రవారం ఇంట్లోవాళ్ళు నమాజుకు పోయినప్పుడు గోడ దూకి పారిపోయి, బిడ్డ దగ్గరికి చేరింది. గీత దానికి కాస్త మసాలా దట్టించింది. ఆకాశమంత గోడ, తల్లి ఒక్కటే దూకు! అట్ట మీద ఆ బొమ్మ, చివరి పేజీలో అమ్మ ఫొటో. చప్పట్లన్నీ ఆ దూకుకే.

"చెప్పు పెద్దమ్మా, ఎట్లున్నది పుస్తకం?"

"మంచిగున్నది బిడ్డా. పక్కింటి పోరి సదివి ఇనిపిచ్చింది. గని, గీ గోడ కాడ తప్పువోయింది."

"ఏం తప్పు?"

"గోడ కాడ ఇంకొకామె ఉండాలె."

హాలంతా గొల్లున నవ్వింది.

"ఎందుకు పెద్దమ్మా? సివంగి తల్లికి పవర్స్ ఉన్నయి గద!" ముందు వరుసలోంచి అరవింద్ అనే పిల్లాడు అరిచాడు.

"గంత గోడ ఒక్కతి ఎట్లెక్కుతది బిడ్డా? ఒకలు ఒంగితేనే గద, ఇంకొకలు ఎక్కేది."

"మరి ఒంగినామె ఎట్లెక్కుతది?"

"ఆమె ఎక్కది."

మళ్ళీ గీత వైపే చూస్తూ అంది.

"ఎక్కేటామె ముందుగాల గా నడుం ముట్టి కండ్లకద్దుకుంటది. తొక్కుతున్న గద అని. గటెన్క కాలు పెడ్తది. గది గూడ గియ్యి బిడ్డా."

ఇక నవ్వులకు అడ్డూ ఆపూ లేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతూ దండాలేమిటి!

గీత కూడా నవ్వేసింది. "గోడ కాడ ఇద్దరుంటే, హీరో ఎవరన్నది జనానికి సమజ్ కాదు పెద్దమ్మా!"

జనం చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం నొచ్చుకోలేదు.

"ఒక్క బొమ్మ సాలు బిడ్డా. మా బిడ్డకు సూపెట్టుకుంట."

"మీ బిడ్డకు బొమ్మలంటే ఇష్టమా?"

"ఏమో. నాతోని మాట్లాడది."

అంతలో గోవర్ధన్ సారు మైకు అందుకుని సభ ముగించేశాడు. సంతకాల కోసం జనం ఎగబడ్డారు. ఆమె వంతు వచ్చింది గానీ, పుస్తకం చాపలేదు.

"మీ అమ్మ మంచిగున్నదా?"

"ఆఁ, మంచిగున్నది." గీత తల కూడా ఎత్తలేదు.

"గంతే సాలు" అనుకుంటూ ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే గీత నడుం వంచి, గొంతు మార్చి, ఆమెను అచ్చు దించేసింది. "నడుం ముట్టి కండ్లకద్దుకోవాల్నట అమ్మా! పారిపోయేటోళ్ళు!"

బీడీల ఆకు కత్తిరిస్తున్న సుశీల చెయ్యి ఆగిపోయింది.

"ఎవలన్నరు గా మాట?"

"ఎవలో నడుం వంగినామె."

"పేరేంది?"

"అడగలే."

"ఎటు పోయింది?"

"బస్టాండ్ దిక్కు పోయింది. ఎందుకమ్మా?"

"ఉరుకు బిడ్డా! ఆపు ఆమెను!"

అమ్మ గొంతు అలా ఉండగా గీత ఎప్పుడూ వినలేదు. స్కూటీ మీద దూసుకుపోయింది. బస్టాండ్ అంతా గాలించింది. నడుం వంగినామె ముస్తాబాద్ ఆటోలో ఇప్పుడే పోయిందన్నాడు సోడాబండి యాదగిరి.

గీత తిరిగొచ్చేసరికి ఆకు ముక్కలు ఇల్లంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. పుస్తకం అట్ట మీది గోడను అరచేత్తో కప్పేసి కూర్చుంది సుశీల.

"గోడ నేనొక్కదాన్నే దూకలే బిడ్డా."

పదిమందిలో తను నవ్విన నవ్వు ఇప్పుడు గీత చెవుల్లో మోగుతోంది. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"ఒంగినామె ఇంట్ల సంగతి చెప్తనని మాటిచ్చి అచ్చిన. ఆమెనెందుకు ఇడిసిపెట్టినవంటే ఏం చెప్పాలె? మొకం చెల్లలే. ఆమె ఎవనితోనో లేచిపోయిందని ఊరంతా అన్నరట. ఇని గూడ పోలే." సుశీల పుస్తకం మీది గోడను ముట్టి కళ్ళకద్దుకుంది. "నీకు బిడ్డున్నది, నువ్వెక్కు సుశీలా అని లక్ష్మవ్వ ఒంగింది... గప్పుడు ఆమె బిడ్డ నీకన్నా చిన్నది."