నా సీట్లో కూర్చున్నవాడు

“లేవండి, నడుద్దాం,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బక్కపలచని మనిషి.

మంచం మీదున్న బస్సు డ్రైవరుకు ఒళ్ళు మండిపోయింది.

“ఎవరయ్యా నువ్వు? నడుం నొప్పితో ప్రాణం పోతుంటే నడకంటావేంటి?”

“డాక్టరుగారు నడవమన్నారటగా. తోడొచ్చాను.”

ఆస్పత్రివాళ్ళు పంపారనుకుంది డ్రైవరు భార్య. “రండన్నయ్యా,” అని లోపలికి పిలిచింది.

నొప్పి మొదలై నెలలు దాటాయి. స్కాను తీసి, భయపడాల్సిందేమీ లేదన్నారు. మందులకంటే నడకా, వ్యాయామమే ముఖ్యమన్నారు. డ్రైవరు వింటేగా! నడుముకు బెల్టు బిగించి మంచమెక్కాడు. ఎంత పడుకుంటే అంత త్వరగా తగ్గుతుందని ఆయనగారి లెక్క.

ఈలోగా డిపోలో ఆయన బస్సును వేరేవాడికిచ్చారు. నెలాఖరుకు రాకపోతే వాణ్ణే ఖాయం చేస్తామని మేనేజరు కబురు పెట్టాడు.

భార్య పోరు పడలేక బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళేసరికి డ్రైవరు గోడ పట్టుకున్నాడు.

“అబ్బా! చచ్చాన్రా దేవుడో!”

“కాసేపాగి మళ్ళీ నాలుగడుగులు వేయండి. నొప్పెట్టినంత మాత్రాన నడుం విరిగిపోదు.”

“నీకొస్తే తెలిసేది!”

“నాకూ వచ్చింది. మీలాగే మంచానికి అంటుకుపోయాను. లేచేసరికి నా పని ఇంకొకడికిచ్చేశారు.”

“వాణ్ణి ఊరికే వదిలేశావా?”

“వాడేం చేస్తాడండీ? పిలిచారు, వచ్చాడు.”

“నీలాంటి మెత్తనోళ్ళ వల్లే ఇలాంటోళ్ళు పెట్రేగిపోతున్నారు. నా సీట్లో కూర్చున్న ఆ వెధవ కనబడనీ, చెబుతా. వాడి నడుం విరగ!”

బక్కాయన నవ్వాడు.

“నడుం ఒక్కటీ వదిలేయండి. ఇంకేదైనా విరగనివ్వండి.”

ఆ రోజు నుంచి తెల్లారితే చాలు, తలుపు చప్పుడు. డ్రైవరు తిట్టడం మానలేదు, ఆయన రావడం మానలేదు. మలుపు దాటి బజారు దాకా, బజారు దాటి వంతెన దాకా వెళ్ళొస్తున్నారు. బెల్టు ఎప్పుడో మూలన పడింది.

“ఇక డ్యూటీలో చేరండి,” అన్నాడు ఒకరోజు బక్కాయన.

“నొప్పి ఇంకా ఉందిగా!”

“పూర్తిగా పోయాకే వెళ్తానంటే నెలాఖరు ఆగుతుందా? నడుం వెనక చిన్న దిండు పెట్టుకోండి. ట్రిప్పు కాగానే దిగి నడవండి.”

డ్రైవరుకు చిర్రెత్తుకొచ్చింది.

“నా ఉద్యోగం పోతే నీకేం పోయింది? ఆస్పత్రి జీతం నీకెలాగూ వస్తుంది. ఇక నా గుమ్మం తొక్కకు!”

బక్కాయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

‘వీడు లేకపోతే నడవలేననుకున్నాడా!’ అని డ్రైవరు పళ్ళు నూరుకుంటూ ఒక్కడే నడిచాడు. నెలాఖరుకు డిపో మెట్లెక్కాడు.

“నా సీట్లో కూర్చున్నాడే, వాడెక్కడ సార్? ఒకసారి మొహం చూడాలి.”

“నువ్వు ఒక్కడివే నడవడం చూసి, ఇక వచ్చేస్తావని చెప్పి నిన్ననే ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఇక్కడ ఇంకో బస్సు ఖాళీ లేదుగా,” అన్నాడు మేనేజరు.

“పీడా పోయింది!”

మేనేజరు బల్ల మీద గట్టిగా చరిచాడు.

“నోర్ముయ్! నువ్వు రాకపోతే ఆ ఉద్యోగం అతనిదే అయ్యేది. అది తెలిసి కూడా, రోజూ డ్యూటీ ఎక్కేముందు మీ ఇంటికొచ్చి, నీ చేత తిట్లు తింటూ నిన్ను నడిపించింది అతనేనయ్యా!”