లెక్కలో లేని పొగ

"దించొద్దు! ఆ ట్రాక్టరు దించొద్దు!" హేమ కేక వేసింది.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు ఉతికే ఫ్యాక్టరీ అది. బాయిలరు పక్కన ట్రాక్టరు నిండా చీనీ కట్టెలు, అంటే బత్తాయి చెట్లవి. పైనున్న ఒక కొమ్మకు నాలుగు పచ్చటి ఆకులున్నాయి. అవే కొంప ముంచాయి.

"ఏమన్నా, బతికున్న చెట్లు కొట్టుకొచ్చినావా?"

"లేదు పాపా, అన్నీ ఎండినవే," అన్నాడు కట్టెలు తెచ్చిన రైతు బయ్యన్న. "ఆ ఒక్క కొమ్మకే ఇంగా పానం పోలేదు."

ఫ్యాక్టరీ పొగకు లెక్క రాయడం హేమ ఉద్యోగం. ప్యాంట్లు కొనే విదేశీ కంపెనీ ఏటా ఆ లెక్క అడుగుతుంది. బొగ్గు కాలిస్తే పొగంతా లెక్కకొస్తుంది. వాటంతటవే ఎండిన చెట్లు కాలిస్తే సున్నా. గొట్టంలోంచి పొగ నల్లగా వస్తూనే ఉంటుంది, లెక్కలో మాత్రం ఉండదు. పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి, మనమెవరం అడగడానికి! సున్నా రాకపోతే ఆర్డరు రాదు, ఆర్డరు రాకపోతే హేమకు జీతం రాదు.

"నా చేతుల్లో ఏం లేదన్నా. ఎనక్కి తోలుకోని పో."

"ఇవి అమ్మితేనే గడ్డి కొనేది పాపా. ఇంటికాడ ఆవులు పస్తుండాయి."

హేమ ఒక కొమ్మ లాగి విరిచింది. పటుక్కున విరిగింది. ఎండిందే. జాలేసి, కట్టెల ఫారం నింపడానికి ఫోను తీసింది.

"సరే, నేను అడిగేటివి చెప్పు. తోట ఎట్ల ఎండింది? తెగులా?"

"నీళ్ళు లేక."

"బోరు లేదా?"

"ఉండాది. గాలి తప్ప ఏం రాదు."

"చెట్లు చచ్చేదానికి మా ఫ్యాక్టరీ ఏమన్నా కారణమా?" ఈ ప్రశ్న హేమ ఎవరినీ అడగదు, తానే 'కాదు' అని నొక్కేస్తుంది. ఈరోజు ఎందుకో నోటికొచ్చేసింది.

"మీ బోరే గదా పాపా. నా చేను గట్టున మీరు బోరేసినప్పట్నుంచే నాది ఎండిపాయ."

చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడు బయ్యన్న. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

హేమ వేలు ఫోను మీదే ఆగిపోయింది.

"అట్లయితే నేను తీసుకోకూడదన్నా. మా వల్ల చచ్చిన చెట్టుకు సున్నా రాయరు."

వెనక్కి తోలడానికి ట్రాక్టరు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. బయ్యన్న ఒకసారి కట్టెలవైపు చూశాడు.

"అయితే కరువే చంపింది పాపా. కరువని రాసుకో, బండి దించమను."